పానా మోగని అధ్యాయాలు

మా బావ ఫ్రిజ్‌లు బాగుచేస్తాడు. నేను కాలేజీలో ఫిజిక్సు చెబుతాను, తీరిక దొరికినప్పుడు మామూలు జనం కోసం సైన్సు పుస్తకాలు రాస్తాను. మా ఇద్దరిలో ఎవరి బుర్ర పదునైనదని అడిగితే, "ఇద్దర్నీ కలిపి వడగడితే ఒక మనిషికి సరిపడా తెలివి వస్తుందేమో" అనేది మా అక్క. అక్క పోయి ఆరేళ్ళయింది. వాళ్ళ కూతురు పెళ్ళై వేరే ఊరు వెళ్ళిపోయింది, అక్క పోయాక ఈ ఊళ్ళో బావకు నేను, నాకు బావ మిగిలాం. నేను పెళ్ళి చేసుకోలేదు. చేసుకుని ఉంటే ఆ మహాతల్లి నా రాతలన్నీ కూర్చుని వినాల్సి వచ్చేదనీ, ఒక ఆడమనిషికి ఆ గండం తప్పిందనీ బావ అందరితో చెప్పేవాడు.

ఇప్పుడు చెప్పబోయేది క్వాంటం కంప్యూటర్ల మీద నేను రాసిన పుస్తకం గురించి. అది రాస్తూ నేను ఒక తప్పు చేశాను. అచ్చుతప్పు కాదు, సూత్రంలో తప్పూ కాదు. ఆ తప్పు వల్ల మా బావ, మనిషి ఎదురుగా ఉండగానే, నాకు లేకుండా పోయాడు.

ముందు మా పద్ధతి చెప్పాలి. ఆదివారం మధ్యాహ్నం బావ దుకాణం షట్టరు సగానికి దించేవాడు. లోపల తలుపులు ఊడదీసిన ఫ్రిజ్‌లు వరుసగా ఉండేవి, నేల మీద రాగి గొట్టాల చుట్టలు, గోడ మేకులకు గ్యాసు ఒత్తిడి చూసే గేజీలు. బోర్లించిన పాల క్రేటు మీద కూర్చుని, ఆ వారం రాసింది నేను గట్టిగా చదివేవాణ్ని. బావ పని ఆపేవాడు కాదు. కంప్రెసర్ విప్పుతూనో గొట్టం వంచుతూనో వినేవాడు. అర్థం కాని ముక్క వస్తే చేతిలో ఉన్న పానాతో పక్కనున్న ఫ్రిజ్ మీద ఒక్కటి కొట్టేవాడు. నేను చదవడం ఆపి మార్జిన్‌లో పెన్సిల్‌తో గీత పెట్టుకోవాలి. ఆ తర్వాత కొట్లాట. అధ్యాయం అయ్యాక మొదటి పేజీ పైన తేదీ వేసి, ఎన్ని గీతలు పడ్డాయో రాసుకునేవాణ్ని. ఒక్క గీతా పడనంత వరకూ ఆ అధ్యాయాన్ని తిరగరాయాలన్నది నేనే పెట్టుకున్న నియమం. ఒక్కోదానికి నెలా, నెలన్నర పట్టేది.

మొదటి అధ్యాయంలో అందరూ రాసేదే నేనూ రాశాను. మామూలు కంప్యూటర్‌లో బిట్ సున్నా అయినా అవుతుంది, ఒకటైనా అవుతుంది. క్యూబిట్ మాత్రం గిరగిరా తిరిగే నాణెం లాంటిది, బొమ్మా బొరుసూ రెండూ ఒకేసారి అయి ఉంటుంది అని.

పానా మోగింది.

"తిరిగే నాణేన్ని మంచి కెమెరాతో ఫోటో తీస్తే, ఆ క్షణంలో ఎటు తిరిగి ఉందో కనపడుతుందా, లేదా?" అన్నాడు బావ తల ఎత్తకుండా.

"కనపడుతుంది."

"నీ క్యూబిట్‌కి అలా తియ్యొచ్చా?"

"కుదరదు. చూశామంటే ఏదో ఒకటి అయిపోతుంది. చూడకముందు ఎటు ఉందన్న మాటకే అర్థం లేదు."

"మరి నాణెం లాంటిదని ఎందుకు రాశావ్?"

"అర్థమవ్వాలని."

"అబద్ధం అర్థమైతే ఎంత, కాకపోతే ఎంత? ఎద్దు ఈనిందంటే దూడని కట్టెయ్యమనే రకం కాదు బామ్మర్దీ నేను. కొట్టెయ్ ఆ లైను."

నాకు కోపం ముక్కు మీదే ఉంటుంది. చదువు లేనివాళ్ళకు చెప్పడం నా వల్ల కాదంటూ కాగితాలు సంచిలో కుక్కుకుని లేచాను. "వెనకటికి నీలాంటివాడే ఆడలేక మద్దెల ఓడన్నాట్ట" అన్నాడు బావ, గొట్టానికి టంకం పెడుతూ. షట్టరు కింద నుంచి వంగి బయటపడుతుంటే, "వచ్చే ఆదివారం రెండింటికే రా, మూడింటికి ఒక మిషను డెలివరీ ఉంది" అని వెనక నుంచి వినపడింది. రానని అతనికి ఒక్క క్షణం కూడా అనిపించలేదు. వెళ్ళాను కూడా.

దారి చూపించింది చివరికి బావే. మూడో వారం నేను అలల గురించి చదువుతుంటే పానా కొట్టి, "ఒకే బల్ల మీద రెండు కంప్రెసర్లు ఆడిస్తే మోత కాసేపు పెరుగుతుంది, కాసేపు సన్నబడుతుంది. రెండూ ఆగకుండా ఆడుతూనే ఉంటాయి. మరి ఆ తగ్గిన మోత ఎక్కడికి పోతోంది?" అన్నాడు. నేను క్రేటు మీద నుంచి లేచి నిలబడ్డాను. క్వాంటం కంప్యూటర్ చేసేది సరిగ్గా ఆ పనే. అన్ని జవాబుల్నీ ఒకేసారి ప్రయత్నిస్తుందని పత్రికలు రాస్తాయి గానీ అది సగం అబద్ధం. తప్పు జవాబుల వైపు వెళ్ళే అలలు ఒకదాన్నొకటి అణచేసుకునేలా, సరైన జవాబు వైపు వెళ్ళేవి కలిసి పెరిగేలా ఏర్పాటు చెయ్యడమే అందులోని నేర్పంతా. పుస్తకంలో ఆ రెండు పేజీలు నా చేతిరాతలో ఉన్నాయి గానీ అవి బావవి.

రెండో అధ్యాయం, ఏ ఉపయోగమూ ఆశించకుండా ప్రశ్నలు అడిగిన మనుషుల గురించి. కాలిన ఇనుము ముందు ఎర్రగా, ఇంకా కాలితే తెల్లగా ఎందుకు మెరుస్తుందని అడిగినవాళ్ళ దగ్గర మొదలుపెట్టి ఇవాళ్టి కంప్యూటర్ల దాకా వచ్చాను. ఇది బావకు నచ్చుతుందనుకున్నాను. నచ్చింది, అయినా పానా కొట్టాడు.

"వీళ్ళంతా ఇనుము కేసి చూస్తూ కూర్చుంటే ఇంట్లో వంట ఎవరు చేశారు?"

"అదెందుకు ఇప్పుడు?"

"ఎందుకేంటి? వాళ్ళు వండి పెట్టకపోతే వీడికి ఇనుము కేసి చూసే తీరిక ఎక్కడిది? అది కూడా రాయి."

రాశాను. ఆ పేరా చదివి ఒక పాఠకురాలు ఏడ్చానని ఉత్తరం రాసింది. ఒక పత్రిక ఆ ఒక్క అధ్యాయాన్నీ ముందుగా వేసుకుంది లెండి.

బావ ప్రశ్నలు పుస్తకంతో ఆగేవి కావు. గిరాకీ ఫ్రిజ్ తీసుకుపోవడానికి వస్తే, మీ పిల్లి ఎప్పుడూ దీని మీదే ఎందుకు పడుకుంటుంది, కుడివైపా ఎడమవైపా అని అడిగేవాడు. చీమను మొదట ఎవరు, దేంతో తూచారని ఒకసారి నన్ను వారం రోజులు తిన్నాడు. చెవిలో జోరీగలా ఉండేవాడు. విసుగొచ్చేది నాకు.

మొదటి అధ్యాయం మొదటిసారి చదివినప్పుడు పడ్డ గీతలు ముప్పై ఒకటి. రెండోదానికి ఇరవై ఎనిమిది, మూడోదానికి ఇరవై తొమ్మిది. నాలుగో అధ్యాయానికి పదిహేడే పడ్డాయి. ఐదుకు తొమ్మిది. ఆరుకు నాలుగు.

"చూశావా బావా, రాయడం పట్టుబడింది నాకు" అన్నాను.

"పట్టుబడింది" అన్నాడు బావ.

అంతే అన్నాడు. ఇదివరకైతే ఆ మాటకు నా తాతముత్తాతల దాకా వెళ్ళి ఎగతాళి చేసేవాడు. నేను గమనించలేదు. పొగిడితే ఎవరు గమనిస్తారు? కాకి పిల్ల కాకికి ముద్దని ఊరికే అనలేదు.

ఏడో అధ్యాయానికి ఒక్క గీతా పడలేదు. మొదటి చదువులోనే సున్నా. ఆ సాయంత్రం ఇంటికి ఈల వేసుకుంటూ నడిచాను. ఆ ఈల గుర్తొస్తే ఇప్పటికీ నా పళ్ళు రాలగొట్టుకోవాలనిపిస్తుంది. ఎనిమిదో అధ్యాయం పుస్తకం మొత్తంలో కష్టమైనది. రెండు కణాలు ఎంత దూరంలో ఉన్నా వాటిని విడివిడిగా చెప్పలేకపోవడం ఏంటన్నది. నాకే పూర్తిగా మింగుడుపడని సంగతి. చదివాను. బావ గొట్టం పట్టుకుని కూర్చున్నాడు, వంచడం లేదు. చివర్లో "బాగుంది" అన్నాడు. సున్నా వేసుకున్నాను. తొమ్మిదికి సున్నా. నా కళ్ళు నెత్తికెక్కాయి.

తొమ్మిది అధ్యాయాలూ తీసుకెళ్ళి ప్రచురణ సంస్థలో ఎడిటరమ్మకు ఇచ్చాను. నెమ్మదస్తురాలు, ఎర్ర సిరా వాడదు, తప్పును కూడా మెత్తగా చెబుతుంది. రెండు వారాల తర్వాత పిలిపించింది.

"ఆరో అధ్యాయం దాకా ఎవరో నా పక్కన కూర్చుని చెబుతున్నట్టుంది సార్. నాకు వచ్చిన ప్రతి సందేహానికీ తర్వాతి లైన్లో జవాబుంది. ఏడు నుంచి మీరు బోర్డు వైపు తిరిగి మాట్లాడుతున్నారు. నాకు ఒక్క ముక్క ఎక్కలేదు."

"పదో క్లాసుతో చదువాపేసిన మా బావకి ఎక్కింది" అన్నాను. "ఒక్క గీత పడలేదు. మీకెందుకు ఎక్కలేదో మీరే ఆలోచించుకోండి."

ఆవిడ కాసేపు పేజీలు తిప్పింది. "ఆయన నిజంగా విన్నారా సార్?" అంది.

కాగితాలు లాక్కుని వచ్చేశాను. పట్టిన కుందేలుకు మూడే కాళ్ళనే మనిషిని నేను. ఆ ప్రశ్న దగ్గర ఒక్క నిమిషం ఆగి ఉంటే ఎనిమిది నెలలు కలిసొచ్చేవి. నేరుగా బావ దగ్గరికి వెళ్ళి, ఆవిడ ఇలా అంది, అలా అంది అని చిందులు తొక్కాను. "పోనీలే" అన్నాడు బావ. పుట్టి బుద్ధెరిగాక మా బావ దేన్నీ పోనీలే అన్నవాడు కాదు. నేను మాత్రం, నా వైపు నిలబడ్డాడనుకుని సంతోషించాను.

మేనకోడలు వచ్చింది ఆ తర్వాత ఎనిమిది నెలలకి. వేరే ఊళ్ళో కళ్ళజోళ్ళ దుకాణంలో పని చేస్తుంది. కాన్పు, చంటిబిడ్డ, దాంతో ఏడాదికి పైగా కదల్లేకపోయింది. ఫోన్లో అడిగినప్పుడల్లా తండ్రి "బాగున్నాను" అనేవాడు. నన్ను అడిగితే నేనూ అదే చెప్పేవాణ్ని.

ఆ ఆదివారం దుకాణం పైనున్న బావ ఇంట్లోనే చదువుతున్నాను. పదో అధ్యాయం, ఎడిటరమ్మకు బుద్ధి చెప్పాలని ఆ ఎనిమిది నెలలూ చెక్కినది. ఆ పిల్ల పొయ్యి మీద పాలు పెట్టి, పాపాయిని నిద్రపుచ్చడానికి లోపలికి వెళ్ళింది. నా ముక్కుకు ఏదో తగిలింది గానీ, బావ పొయ్యికి రెండడుగుల దూరంలో కూర్చుని ఉన్నాడు, చూసుకుంటాడులే అనుకున్నాను. చదవడం ఆపబుద్ధి కాలేదు. గిన్నె నల్లగా మాడి పొగ లేచాక మేనకోడలు పరుగెత్తుకొచ్చి పొయ్యి కట్టేసింది.

"నాన్నా, వాసన రాలేదా నీకు?"

"లేదు" అన్నాడు బావ. గిన్నె వైపు కూడా చూడలేదు.

కాలిన మోటారు వాసనను బట్టి, గుమ్మంలో నిలబడే లోపల ఏది పోయిందో చెప్పే మనిషి అతను. మేనకోడలు అతని ముందు గొంతుక్కూర్చుంది.

"నిన్న నీ దగ్గరికి ఏం మిషను వచ్చింది నాన్నా? దానికేమైంది?"

"ఏదో వచ్చింది."

ఆ పిల్ల నా వైపు తిరిగింది. "ఎప్పట్నుంచి ఇలా ఉన్నాడు మావయ్యా?"

"ఎలా?" అన్నాను.

"నేనొచ్చి మూడు రోజులైంది. పాపాయి పేరేంటని కూడా అడగలేదు."

నా చేతిలో పదో అధ్యాయం ఉంది. దాని మీద సున్నా వెయ్యడానికి పెన్సిల్ కూడా సిద్ధంగా పట్టుకుని ఉన్నాను.

ఆస్పత్రిలో తల ఫోటోలు తీశారు. ముక్కు మొదలుకు పైన, మెదడు ముందుభాగం కింద గడ్డ ఉంది. క్యాన్సర్ కాదు, ఏళ్ళ తరబడి మెల్లగా పెరిగే రకం. పెరిగేకొద్దీ వాసన పోతుంది, ఆ తర్వాత ఆసక్తి పోతుంది, నొప్పి ఉండాలని లేదు అన్నారు డాక్టరమ్మ. "మొదట ఏది మారింది? సుమారుగా ఎప్పట్నుంచి?"

మేనకోడలు నా వైపు తిరిగింది. సంచి నా ఒళ్ళో ఉంది. అందులోంచి అధ్యాయాల మొదటి పేజీలు తీసి బల్ల మీద పెట్టాను. తేదీ, సంఖ్య. తేదీ, సంఖ్య. డాక్టరమ్మ వాటిని వరుసగా పరిచి వేలితో చూసుకుంటూ పోయారు. ముప్పై ఒకటి, ఇరవై ఎనిమిది, ఇరవై తొమ్మిది, పదిహేడు, తొమ్మిది, నాలుగు, సున్నా, సున్నా, సున్నా.

"ఏంటివి?"

చెప్పాను.

"రోగం ఎలా ముదిరిందో ఇంత వివరంగా తేదీలు వేసి తెచ్చినవాళ్ళని నేను చూళ్ళేదు" అన్నారావిడ. దెప్పాలని అనలేదు. నిజంగా ఆశ్చర్యపోయి అన్నారు.

"నాలుగో అధ్యాయం అప్పుడే తీసుకొచ్చి ఉంటే?"

డాక్టరమ్మ పేజీలన్నీ ఒక దొంతరగా సర్ది నా చేతికిచ్చారు. "ముందు ఆపరేషన్ సంగతి మాట్లాడుకుందాం" అన్నారు.

బయట వరండాలో మేనకోడలు పాపాయిని భుజం మార్చుకుంటూ నా ముందు నిలబడింది. తిడుతుందనుకున్నాను. తిట్టినా బాగుండేది. "ప్రతి వారం రాసుకున్నావు మావయ్యా" అంది. "ఒక్కసారైనా నాన్న మొహం కేసి చూళ్ళేదా?" చేతులు కాలాక ఆకులు పట్టుకోవడం అంటారే, నాకు ఆకులు కూడా దొరకలేదు. గోడకు ఆనుకుని కూర్చుండిపోయాను. ప్రశ్నలు ఆగిపోతే అది నా గొప్ప అనుకున్నాను. మనిషి ప్రశ్నలు మానేశాడంటే ఏమైందోనని భయపడాలని, ముప్పై ఏళ్ళు పాఠాలు చెప్పిన నాకు తోచలేదు.

ఆపరేషన్ బాగా జరిగింది. గడ్డ మొత్తం వచ్చేసింది. వాసన మళ్ళీ రాదన్నారు, మిగతాది ఏడాది చూడాలన్నారు. ఇన్నేళ్ళు నొక్కుకుపోయిన భాగం ఎంత తేరుకుంటుందో ఎవరూ చెప్పలేరట. మేనకోడలు ఉద్యోగం ఈ ఊరికి మార్చుకుంది. బావ లేచి తిరుగుతున్నాడు, సొంతంగా గడ్డం గీసుకుంటున్నాడు, ఒళ్ళో పాపాయిని పెడితే జాగ్రత్తగా పట్టుకుంటున్నాడు. దుకాణంలో కూర్చోబెట్టి ఈ నట్టు విప్పమంటే విప్పుతాడు, చేతులు ఏదీ మరిచిపోలేదు. కానీ లోపం ఏదో వెతకమంటే మిషను ముందు ఊరికే కూర్చుంటాడు.

ఐదో నెలలో ఒకరోజు మేనకోడలు కాలేజీకి ఫోన్ చేసింది. "మావయ్యా, నాన్న ఇవాళ తనంతట తాను ఒక ప్రశ్న అడిగాడు."

క్లాసు మధ్యలో వదిలేసి పరుగెత్తాను. మెట్ల మీదే ఎదురొచ్చింది.

"ఏమడిగాడు?"

"అన్నానికి టైమైందా అని."

ఇద్దరం నవ్వాం. నవ్వుతూ నవ్వుతూనే ఆ పిల్ల మెట్టు మీద కూలబడి ఏడ్చింది. నేను పక్కన కూర్చున్నాను. నన్ను క్షమించిందో లేదో తెలియదు, అడిగే మొహం నాకు లేదు.

పుస్తకం ఇప్పట్లో ఇవ్వకూడదనుకున్నాను. ఎడిటరమ్మ దగ్గరికి వెళ్ళి, "విన్నారా అని అడిగారు కదా. వినలేదండీ" అని చెప్పాను. ఆవిడ నాకు మంచినీళ్ళు ఇచ్చింది. ఎప్పుడు పూర్తయితే అప్పుడే తెమ్మంది. ఏడో అధ్యాయం నుంచి మళ్ళీ రాయడం మొదలుపెట్టాను. రాసిన ప్రతి లైను దగ్గరా, బావ అయితే ఇక్కడ ఏమనేవాడని ఆలోచిస్తాను. కొన్నిసార్లు తోస్తుంది. చాలాసార్లు తోచదు. అతని ప్రశ్న నేను ముందుగా ఊహించగలిగితే అది అతని ప్రశ్న ఎందుకవుతుంది?

డాక్టరమ్మ చెప్పిన ఏడాది పోయిన వారంతో ముగిసింది. ఈ ఆదివారం నేను కావాలని ఒక పని చేశాను. తొమ్మిదో అధ్యాయంలో చలి యంత్రాల సంగతి వస్తుంది. క్యూబిట్లు ఏ చిన్న కదలికకైనా చెదిరిపోతాయి, అందుకని వాటిని నక్షత్రాల మధ్య ఉండే చలి కంటే ఎక్కువ చలిలో ఉంచుతారు. అది రాసి, దాని కింద ఒక అబద్ధం చేర్చాను. ఈ చలి ఎలా పుడుతుందో మన ఇంట్లోనే చూడొచ్చు, వేసవిలో ఫ్రిజ్ తలుపు బార్లా తెరిచిపెడితే గది మొత్తం చల్లబడుతుంది అని.

ఫ్రిజ్ లోపలి వేడిని లాగి వెనక నుంచి గదిలోకే వదులుతుంది, పైగా మోటారు వేడి ఒకటి. తలుపు తెరిచిపెడితే గది వేడెక్కుతుందే తప్ప చల్లబడదు. ఈ మాట ఏ గిరాకీ అన్నా బావ పని పక్కన పెట్టి, ఆ మనిషి చెయ్యి పట్టుకుని ఫ్రిజ్ వెనక్కి తీసుకెళ్ళి, ఆ వేడి తగిలించి గానీ పంపేవాడు కాదు. ఇదొక్కటి దాటిపోతే ఇంకేదీ మిగలనట్టేనని నాకు తెలుసు. తెలిసే రాశాను.

బావ కిటికీ పక్క కుర్చీలో కూర్చున్నాడు, చేతులు ఒళ్ళో పెట్టుకుని. నిదానంగా చదివాను. ఆ లైను మళ్ళీ ఒకసారి చదివాను. ఈసారి కాగితం కేసి కాకుండా అతని మొహం కేసి చూస్తూ చదివాను.

"బాగుంది" అన్నాడు.

"బావా, అది తప్పు. తలుపు తెరిచిపెడితే గది వేడెక్కుతుంది."

నా వైపు తిరిగాడు. మా అక్కను పెళ్ళి చేసుకున్న రోజు ఎలా ఉన్నాడో అంత నిర్మలంగా ఉంది ఆ మొహం. "అదీ బాగుంది" అన్నాడు.

నాకు ఏడుపు ఆగలేదు. కాగితాలు మొహానికి అడ్డం పెట్టుకుని చిన్నపిల్లాడిలా ఏడ్చాను. బావ లేచి వచ్చాడు. భుజం మీద తువ్వాలు తీసి నా చేతిలో పెట్టాడు, వీపు మీద రెండుసార్లు నిమిరాడు, మళ్ళీ వెళ్ళి తన కుర్చీలో కూర్చున్నాడు. ఎందుకు ఏడుస్తున్నావని మాత్రం అడగలేదు.